మూడు మూస్తే ఒకటి తెరుచుకునే కారు

ఇప్పటి కార్లకి తాళం వెయ్యడం ఒక పని కిందే లెక్క కాదు. వెనక్కి తిరిగి చూడకుండా జేబులో చెయ్యి పెట్టి మీట నొక్కితే చాలు, కారే కన్నుకొట్టి సాగనంపుతుంది. ఆ రోజుల్లో ఇంత వైభోగం ఎక్కడిది? (ఆ రోజులంటే మరీ ఎడ్లబండ్ల కాలం అనుకునేరు. అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. పాత కార్లలోకే ఇంకా ఏమీ రాలేదు.) కారు దిగినవాడు చుట్టూ ప్రదక్షిణం చేసి, కిటికీ అంచున ఉండే నాలుగు బుడిపెలూ నొక్కి, మళ్లీ అనుమానమొచ్చి నాలుగు హ్యాండిళ్లూ లాగి చూసుకుని గాని కదిలేవాడు కాదు. ఆ ప్రదక్షిణం తప్పించడానికి సెంట్రల్ లాకింగ్ కిట్ అని బజార్లో దొరికేది. అది బిగిస్తే డ్రైవరు తలుపు బుడిపె ఒక్కటి నొక్కగానే మిగతా మూడు తలుపులూ వాటంతటవే తాళం పడతాయి. అలాంటి కిట్ ఒకటి నా చేత్తో నేను బిగించాను. జీవితంలో ఆ ఒక్కటే బిగించాను. రెండోది ఎందుకు బిగించలేదో చెప్పడానికే ఈ సోదంతా.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నేను విజయనగరం అవతల పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ని. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి విశాఖపట్నం స్టీల్ ప్లాంటులో చేరి, కూర్మన్నపాలెంలో గది తీసుకున్నాను. ఒకసారి జ్వరమొస్తే సీతమ్మధారలో ఒక క్లినిక్కుకి రక్తపరీక్షకి వెళ్లాను. అక్కడ నా చేతికి సూది గుచ్చిన అమ్మాయే తర్వాత మా ఆవిడ అయింది. (జ్వరం తగ్గాక కూడా నేను పరీక్షలకి వెళ్తూనే ఉన్నాను, అదో కథ.) వాళ్లది జాలరిపేట. తరతరాలుగా సముద్రం మీద వేటకెళ్లే ఇల్లు. మా వాళ్లు కొంత గొడవపడి ఊరుకున్నారు. వాళ్ల నాన్న, అంటే మా మావయ్య, గొడవే పడలేదు. పెళ్లి దగ్గరుండి చేశాడు, భోజనాలు ఘనంగా పెట్టాడు. కానీ నాతో మాట్లాడటం మాత్రం మొదలుపెట్టలేదు.

మాట్లాడలేదంటే ముఖం తిప్పుకునేవాడని కాదు. నాకు చెప్పాల్సింది నా పక్కనున్నవాళ్లకి చెప్పేవాడు. నేను ఆయనకి చేయి చాస్తే తగిలేంత దూరంలో కూర్చుని ఉంటే, వంటింట్లో ఉన్న కూతుర్ని కేకేసి "అమ్మీ, ప్లాంటు బాబుకి టీ కావాలేటో అడుగు" అనేవాడు. ఒకసారి వరండాలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. కరెంటు పోయింది. ఆయన అటూ ఇటూ చూసి, చూసి, చివరికి గోడ మీద కూర్చున్న పిల్లితో "ప్లాంటు బాబుకి ఉక్కపోత్తన్నాదేమో" అన్నాడు. పిల్లి నాకేమీ చెప్పలేదు. ఆ పేటలో మిగతా మావలు అల్లుళ్లని ఎలా పిలిచేవారనుకున్నారు? "ఓరల్లుడా, ఎదవా, వల ఎక్కడ పారీసినావురా" అని నడివీధిలో నిలబెట్టి కడిగేసేవారు. ఆ తిట్లు వింటుంటే నాకు నోరూరేది. నన్నెప్పుడు తిడతాడా అని ఎదురుచూసిన అల్లుడు విశాఖపట్నంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

మావయ్యకి మోకాళ్లు పట్టేయడంతో వేట మానేసి, పడవని తమ్ముడి చేతిలో పెట్టాడు. (ఆయన్ని చిన్నమావయ్య అందాం.) సముద్రం మీదికి వెళ్లకుండా ఇంట్లో కూర్చోలేక ఒక పాత తెల్ల కారు కొన్నాడు. ఆయనకి డ్రైవింగు రాదు, మా బావమరిది నడిపేవాడు. అయితే పేటలో పడవకి తలుపులుండవు. ఒడ్డుకొచ్చిన పడవని ఇసకలోకి నెట్టడానికి ఎవడైనా భుజం పెట్టొచ్చు, భుజం పెట్టినవాడికి చేపల్లో పాలు, అంటే వాటా, ఉంటుంది. వేట మానేసిన పెద్దవాళ్లకి కూడా ఒక చేప పక్కన పెట్టడం వాళ్ల ఆనవాయితీ. కారుని కూడా వాళ్లు అలాగే చూశారు. తెల్లారేసరికి వెనక సీటు మీద తడి వల ఉండేది, డిక్కీలో బుట్టలుండేవి, ఒక్కోసారి ఎవరో బాబాయి గుర్రుపెడుతూ ఉండేవాడు. మా అత్తయ్య ఆ కారెక్కనని మొండికేసింది. దాంతో మావయ్య ఒకరోజు కూతుర్ని పిలిచి, నన్ను చూస్తూ, "అమ్మీ, ఈ కారుకి తాలాలు గట్టిగా పడే మార్గం ఏదైనా ఉన్నాదేటో ప్లాంటు బాబుని అడుగు" అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఈ పని చేసి పెడితే మాట కలవకుండా ఉంటుందా? నేను కూడా మా ఆవిడ వైపు తిరిగి, మావయ్యకి వినపడేలా గొంతు పెంచి, "సెంట్రల్ లాకింగ్ అని ఉంటాదని సెప్పు. మెకానిక్కు దాకా ఎందుకు, నానే బిగించీస్తానని సెప్పు" అన్నాను. మా ఆవిడ నెమ్మదిగా నా చెవిలో "మీరు ఎప్పుడైనా బిగించారేటి?" అంది. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కిట్ పట్టుకుని దిగాను. పేట పేటంతా చూడటానికొచ్చింది. తలుపు లోపలి వైపు ఉండే అట్టని ఊడదీయడానికి స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే క్లిప్పులు ఫట్ ఫట్‌మని విరిగాయి. విరిగిన ప్రతిసారీ "అలాగే ఊడాలి" అని చెప్పాను. లోపల ఇనప రాడ్డుకి పిడికెడంత మోటారు తగిలించాలి. ఆ మోటారు రాడ్డుని కిందికి నొక్కితే తాళం పడుతుంది, పైకి లాగితే ఊడుతుంది. ఒక్కో మోటారుకి రెండు వైర్లు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. అంతే సంగతి. మూడు తలుపులు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. నాలుగోది ఎడమ వెనక తలుపు. ఈ వైర్లన్నీ వెళ్లి కలిసే, డ్రైవరు దగ్గరున్న పెట్టె నుంచి అదే అన్నిటికన్నా దూరం, కిట్‌లో వైరు అక్కడిదాకా చాల్లేదు. బావమరిది వెళ్లి ఏదో పెళ్లిలో కట్టిన సీరియల్ లైట్ల వైరు ముక్క తెచ్చాడు. అందులో రెండు తీగలూ ఎర్రవే. లోపలినుంచి చేపల పులుసు తాలింపు వాసన వస్తోంది, నాకు ఆకలి దంచేస్తోంది.

"బావా, రెండూ ఒకే రంగున్నాయి. ఏది నీలందో ఏది పచ్చదో ఎలా తెలుస్తాది?" అన్నాడు బావమరిది.

"ప్లాంటులో నాను సూసుకునే మోటార్లు నీకన్నా ఎత్తుంటాయి తెలుసా? నాకే సెప్తన్నావేటి?" అన్నాను. (ప్లాంటులో మోటార్లకి ప్రతి తీగకీ నంబరుంటుంది, బిళ్ల ఉంటుంది, పక్కన ఇద్దరు పెద్దవాళ్లు నిలబడి చూస్తుంటారు. ఆ ముక్క వాడికి చెప్పలేదు.) కలిపేశాను. డ్రైవరు సీట్లో కూర్చుని బుడిపె నొక్కితే నాలుగు తలుపుల నుంచీ టక్‌మని ఒకేసారి చప్పుడొచ్చింది. ఎత్తితే మళ్లీ టక్. పేటంతా చప్పట్లు కొట్టింది. మావయ్య కూతురితో "బాగానే సేసినాడని సెప్పు" అన్నాడు. అంత పులుసులోనూ నాకు ఆ మాటే ఎక్కువ రుచించింది.

అసలు సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను, మాకు మాత్రం అది చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఎడమ వెనక తలుపుకి వైర్లు తారుమారు చేసి కలిపాను. మిగతా మూడూ తాళం పడినప్పుడు అది ఊడేది, మూడూ ఊడినప్పుడు అది తాళం పడేది. చప్పుడు ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. బుడిపె చూసి తెలుసుకుందామంటే ఆ తలుపు బుడిపె మావయ్య కొనకముందే విరిగిపోయింది, అక్కడ కన్నం తప్ప ఏమీ లేదు.

దాంతో రెండు రకాల జనం తయారయ్యారు. ఇంట్లోవాళ్లు కారు దగ్గరికి వచ్చేది తాళం తీసి ఎక్కడానికి. వాళ్లకి ఆ తలుపు ఎప్పుడూ తెరుచుకోదు. పేటలోవాళ్లు వచ్చేది తాళం వేసి ఎవరూ లేనప్పుడు. వాళ్లకి ఆ తలుపు ఎప్పుడూ తెరుచుకుంటుంది. ఇంట్లోవాళ్లలో ఎక్కువ బాధపడింది మావయ్య తల్లి, మేమంతా మామ్మ అని పిలిచే పెద్దావిడ. బీచ్ రోడ్డు మీదుగా ఊళ్లోకి వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు కనిపిస్తుందని ఆవిడ ఎప్పుడూ ఆ వైపే కూర్చునేది. ప్రతిసారీ వెళ్లి తన తలుపు లాగడం, అది రాకపోవడం, "ఈ కారుకి నానంటే పడదురా" అని తిట్టుకుంటూ కుడివైపు నుంచి ఎక్కి జరుక్కుంటూ రావడం. మావయ్య ఉప్పుగాలికి తలుపు తుప్పుపట్టి బిగిసిపోయిందని తేల్చేశాడు. నేను కూడా గంభీరంగా "తుప్పే" అన్నాను.

తర్వాత ఒక పొద్దున కారు తీస్తే వెనక సీటు మీద అరిటాకులో చుట్టిన చందువా చేప పడుకుని ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఇంకో రోజు రొయ్యలు. మరో రోజు మడిచి పెట్టిన వల. మావయ్య కూతుర్ని పిలిచాడు. "తాలమేసిన కార్లోకి సేప ఎలాగొచ్చినాదో ప్లాంటు బాబుని కనుక్కో" అన్నాడు. ఆ గొంతులో మునుపటి మెత్తదనం లేదు. నేను దొంగతాళం అన్నాను, అద్దంలోంచి దూర్చారన్నాను. మా బావమరిదితో తాళం వేయించి స్వయంగా మూడు తలుపులూ లాగి చూశాను. మూడూ గట్టిగా పడ్డాయి. నాలుగోది లాగలేదు. తుప్పుపట్టి బిగిసిపోయిన తలుపుని మళ్లీ లాగి చూడటం దేనికండీ? (నా తెలివి అలా ఉండేది.) చివరికి మావయ్య "ప్లాంటు బాబు మరేటీ సెయ్యక్కర్లేదని సెప్పమ్మా" అన్నాడు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మాట కలపడానికి వెళ్లి, ఉన్న ఆ పిల్లి రాయబారం కూడా పోగొట్టుకున్నాననిపించింది.

పరిష్కారం మామ్మే చెప్పింది. "కారు కొన్నాక సింవాచలం తీసికెల్లినారేటి? అప్పన్నకి సూపించకుండా తిప్పుతన్నారు. అందుకే నన్నెక్కనివ్వదు, సేపల్నెక్కించుకుంటాది" అంది. ఎవరూ కాదనలేకపోయారు. సాయంత్రమే కారుని లోపలా బయటా కడిగి, పొద్దున్నే తలంట్లు పోసుకుని, పూలూ కొబ్బరికాయలూ నిమ్మకాయలూ పెట్టుకుని బయల్దేరాం. బావమరిది, పక్కన మావయ్య, వెనక మామ్మా మా ఆవిడా నేనూ. దారిలో నాకు సన్నగా నీచువాసన తగిలింది. కానీ అత్తారి కార్లో కూర్చుని చేపల వాసనొస్తోందని ఏ కొత్తల్లుడు అనగలడు? ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కార్ల పూజలు చేస్తారు. పూజారిగారు బానెట్టుకి బొట్టు పెట్టి, తాళంచెవికి పసుపు రాసి డ్రైవరు సీటు మీద పెట్టించి, "నాలుగు తలుపులూ తెరవండి, హారతి లోపలికి చూపించాలి" అన్నారు. మూడు తెరిచాం. నాలుగోది బిగిసిపోయిందని మావయ్య చెప్పాడు. "మూడు తలుపులకి పూజేమిటండీ, ఎలాగోలా తెరవండి" అన్నారాయన. మా ఆవిడ నా వైపు చూసింది. ఇదే అదను, మావయ్య ముందు పోయిన పరువు తెచ్చుకోవాలనుకున్నాను. "ఒకసారి తలుపులన్నీ మూసి, లాక్ నొక్కి, మళ్లీ తీస్తే జామ్ వదులుతాది" అని బావమరిదికి చెప్పాను. వాడు బుద్ధిగా మిగతావి మూసి, డ్రైవరు తలుపు బుడిపె నొక్కి, అలవాటు కొద్దీ హ్యాండిల్ ఎత్తిపట్టి ధడేల్‌మని వేశాడు. తాళం పడింది. పసుపు రాసిన తాళంచెవి లోపల సీటు మీద నవ్వుతోంది.

"ఇదేటి బావా!" అన్నాడు వాడు. వెనక ఇంకో నాలుగు కార్లు హారతి కోసం హారన్లు కొడుతున్నాయి. మావయ్య ఈసారి ఎవరితోనూ ఏమీ చెప్పించలేదు, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అత్తారింటితో నా కథ ఇక్కడితో ముగిసిందనుకున్నాను. ఈ గొడవేమీ పట్టని మామ్మ, నిలబడలేక, "నాను కూకుంటాను" అంటూ ఎప్పటిలాగే తన తలుపు దగ్గరికి వెళ్లి లాగింది.

తెరుచుకుంది. తెరుచుకోవడమే కాదు, కొబ్బరికాయల సంచి పక్కన గోనెలో చుట్టి ఉన్న వంజరం చేప ఒకటి జారి, తల బయటపెట్టి, పూజారిగారి వైపు నోరు తెరిచి చూసింది.

"ఓలమ్మా, కాల్లకి సల్లగా తగుల్తంటే కొబ్బరికాయలనుకున్నాను!" అంది మామ్మ.

పూజారిగారు హారతి పళ్లెంతో రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన చేపని చూశారు, మమ్మల్ని చూశారు, పళ్లెం పక్కన పెట్టేసి భుజాలు కదిలేలా నవ్వారు. "వరాహస్వామిని చూడటానికి మత్స్యావతారమే నేరుగా వచ్చేసినట్టుంది. ముందు దాన్ని సాగనంపి, కారు కడిగి, పసుపునీళ్లు చల్లి తీసుకురండి" అన్నారు. అటుగా వెళ్తున్న ఆటో డ్రైవరు ఒకడు ఆ చేపని ఆనందంగా పట్టుకుపోయాడు.

మావయ్య మాత్రం చేపని చూడటం మానేసి తలుపుని చూస్తున్నాడు. లోపలికి వంగి డ్రైవరు బుడిపె ఎత్తాడు, వచ్చి మామ్మ తలుపు వేసి లాగాడు. రాలేదు. వెళ్లి నొక్కాడు, వచ్చి లాగాడు. వచ్చింది. వేటకెళ్లినవాడికి గాలి ఎటు మళ్లిందో చూడగానే తెలుస్తుంది. నెమ్మదిగా నా వైపు తిరిగాడు. పక్కన కూతురుంది, కొడుకున్నాడు, తల్లి ఉంది. వాళ్లెవరినీ చూడలేదు. సూటిగా నన్నే చూశాడు.

"ఓరల్లుడా! ఏటి బిగించినావురా ఎదవా? మూడు మూత్తే ఒకటి తెరుసుకుంటాదేట్రా? తుప్పంటావా? నీ బుర్రకి పట్టినాదిరా తుప్పు! ఆ ప్లాంటు ఇన్నాల్లు పేలకుండా ఎలాగున్నాదిరా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా ఆగలేదు. "బావా, తిడతన్నాడు, నవ్వుతావేటి?" అని బావమరిది మోచేత్తో పొడిచాడు. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాన్నా, నువ్వు ఆయనతో మాటాడీసినావు!" అంది. మావయ్య టక్కున ఆగాడు. కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత "మాటాడక సత్తానా మరి? ఇంత పని సేసినోడిని తిట్టడానికి మద్దిలో మనుసులెందుకు?" అని, ఆపిన చోటునుంచి మళ్లీ అందుకున్నాడు. పూజ అయ్యేదాకా తిట్టాడు. అంత సంతోషంగా నేను ఏ దేవుడి దగ్గరా చేతులు జోడించలేదు.

పేటకి వచ్చాక చిన్నమావయ్యని నిలదీశాం. ఆయన ఆశ్చర్యపోయాడు. "సేపలెట్టింది మేమే. అది నీ పాలు కదా? తాలాలెట్టించీసినావని ముందు మాకు కట్టంగానే తోసినాది. ఒక తలుపు తెరిసే ఉన్నాదని సూసినాక, మా అన్న మాకోసం ఉంచినాడులే అనుకున్నాం" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. మావయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను స్క్రూడ్రైవరు తెచ్చి, "రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే సాలు మావయ్యా, ఇప్పుడే సేసీస్తాను" అన్నాను.

"ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను. ఉండనీ" అన్నాడు.

అలాగే ఉంది. అత్తయ్య వెనక సీటు మీద ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టి సమాధానపడింది. మామ్మ బతికున్నంతకాలం ఆవిడ ఎక్కేముందు బావమరిది తాళం వేసి, ఆవిడ కూర్చున్నాక తీసేవాడు. ఆవిడ వెళ్లిపోయింది, తర్వాత కొన్నేళ్లకి కారూ తుక్కుకి వెళ్లింది. మావయ్య ఇప్పుడు రోజూ నాకు ఫోను చేస్తాడు. టీవీ రాకపోయినా నేనే, నీళ్లు రాకపోయినా నేనే, రెండింటికీ తిట్లు నాకే. ఒక్కోసారి ఆ పిల్లి ఉన్న రోజులే హాయిగా ఉండేవేమో అనిపిస్తుంది గాని, ఫోను మోగడం కాస్త ఆలస్యమైతే నేనే చేసేస్తాను.

మొన్న బావమరిది కొత్త కారు కొన్నాడు. మీట నొక్కితే నాలుగు తలుపులూ ఒక్కసారి బిగుసుకుంటాయి. మావయ్య దాని చుట్టూ తిరిగి, నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "అల్లుడా, ఆ ఎడం ఎనక తలుపు మన పాత కారుకి సేసినట్టు తిప్పీగలవేట్రా?" అన్నాడు. ఇది కంప్యూటరు బండి మావయ్యా, తలుపు విప్పితే వారంటీ పోతుంది, ఆ తీగలెక్కడున్నాయో కూడా నాకు తెలీదు అని ఏవేవో చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అప్పుడేటీ రాకుండానే సేసినావు కదరా. ఇప్పుడన్నీ వొచ్చి సెయ్యలేవేటి?"

ఆ సాయంత్రం కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందు నా కారు ఆపి మీట నొక్కాను. నాలుగు తలుపులూ టక్‌మన్నాయి. లోపలికి వెళ్లబోతూ ఆగి, చుట్టూ తిరిగి వెళ్లి ఎడమ వెనక తలుపు లాగి చూశాను. రాలేదు. రెండు ఎర్రతీగలు చేతిలో పట్టుకుని, పులుసు వాసనకి తొందరపడిపోతున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి అక్కడే నవ్వుకుంటూ కాసేపు నిలబడ్డాను. మళ్లీ ఒక్కసారి వాడొచ్చి ఈ తలుపు కూడా బిగించి పోతే బాగుండుననిపించింది.